డైరీలో మొద్దావతారం

“‘జూన్ తొమ్మిది. మాడిన రొట్టె తిన్నాం. బాగుందన్నాడు మొద్దావతారం.’ మామయ్యగారూ, ఎవరండీ ఈ మొద్దావతారం?”

గ్రంథాలయం గదిలో కోడలు, పోయిన అత్తగారి డైరీని గ్రంథాలయం వెబ్‌సైట్ కోసం కంప్యూటర్లో పెట్టి, మనుషుల పేర్లకు నీలం, ఊళ్ల పేర్లకు ఆకుపచ్చ గుర్తులు వేస్తోంది.

“పక్కింటాయనేమో. వదిలెయ్యమ్మా.”

“సాఫ్ట్‌వేర్ వదలదండీ. ఎవరో చెప్పాల్సిందే. రేపటినుంచి అందరూ చదువుతారు.”

“నా పేరెన్నిసార్లుంది?”

“ఒక్కసారీ లేదు. మొద్దావతారం మాత్రం రెండొందల పన్నెండు సార్లు. పక్కింటాయననే రాసేయనా?”

“ఆగాగు! వాడికెందుకమ్మా అన్నిసార్లు? నా పేరే రాయి.”

ఒక్క నొక్కుతో డైరీ నిండా నీలం పరుచుకుంది.

“రొట్టె నిజంగా బాగుందాండీ?”

“బొగ్గమ్మా. మూడు ముక్కలు తిన్నాను.”

గ్రంథాలయం మూసే వేళకు, లోపలెవరో నిద్రపోతున్నట్టు, ఆయన ఆ గది తలుపు చప్పుడు కాకుండా వేశాడు.