తల్లిని అడగని కాగితాన్ని మార్చిన డాక్టర్ తొదెరాష్కు గారు

1991 సెప్టెంబరు రెండవ తేదీన డాక్టర్ విర్జినియా తొదెరాష్కు గారు కొన్‌స్తాంత్సా నగరంలోని మా అంటువ్యాధుల ఆసుపత్రిలో, హెచ్ఐవీ సోకిన పసిపిల్లల వార్డులో, బాధ్యతలు స్వీకరించారు. ఆ తొలి పదేళ్లలో ఆమె సంతకం చేసిన మరణ పత్రాల సంఖ్యను మేమెవరమూ ఆమె ఎదుట ప్రస్తావించము.

బతికిన ఆడపిల్లలు పెరిగి తల్లులయ్యారు. తల్లిపాల ద్వారా బిడ్డకు వైరస్ సోకకుండా, ప్రసవం కాగానే పాలు ఆపే మాత్ర ఇవ్వాలన్న ఆదేశాన్ని డాక్టర్ గారే రూపొందించి, కఠినంగా అమలు చేశారు. ఆ కాగితంలో తల్లి అభిప్రాయానికి చోటు లేదు. తన వార్డులో చంటిబిడ్డలు పోవడం చూసిన వైద్యురాలి భయం అది. మేమూ దానిని న్యాయమనే అనుకున్నాము.

2019 వసంతంలో, ఆ వార్డులోనే పెరిగిన స్మరాందా మూడు నెలల కొడుకుతో పరీక్షకు వచ్చింది. ఆమె జాకెట్టు మీది పాల తడి డాక్టర్ గారి కంటపడింది. నర్సుగా నేనక్కడే ఉన్నాను.

"ఎన్నాళ్లుగా ఇస్తున్నావే?"

"మొదటి రోజు నుంచే. ఆ మాత్ర నాలిక కింద పెట్టుకుని ఉమ్మేశా. చిన్నప్పుడైతే ఇట్టే పట్టేసేవారు, ముసలైపోయారు డాక్టరమ్మా!"

డాక్టర్ గారు నవ్వలేదు. శిశు సంరక్షణ కార్యాలయానికి చెప్పడానికి ఫోను అందుకున్నారు.

"అదిగో, అందుకే చెప్పలేదు," అంది స్మరాందా బిడ్డను గుండెకు అదుముకుని. "నా మందులు ఒక్క పూటా మానలేదు. రక్తంలో వైరస్ కనబడట్లేదని మీరే అన్నారు. బిడ్డనెత్తుకుపోతారని తెలిసీ ఎవరడుగుతారు?"

డాక్టర్ గారు ఫోను పెట్టేశారు. "ప్రమాదం బాగా తక్కువే, కానీ సున్నా అని చెప్పలేను. పరీక్షలకి మాత్రం తప్పకుండా రా, తల్లీ," అన్నారు.

పాలు మాన్పించేవరకు ప్రతి నెలా, ఆ తరువాత మరికొన్ని నెలలూ ఇద్దరికీ పరీక్షలు జరిగాయి. బిడ్డకు సోకలేదని చివరి ఫలితం వచ్చిన రోజే డాక్టర్ గారు పాత కాగితాన్ని రద్దు చేయాలని వైద్యుల సమావేశంలో కోరారు.

"ఇన్నాళ్లూ వద్దన్నది మీరే కదండీ?" అన్నారొక సహచరుడు.

"నేనే. తల్లులు పాలివ్వడం మానలేదు, మనకి చెప్పడం మానేశారు."

తల్లిని అడిగి నిర్ణయించే కొత్త కాగితం నెగ్గడానికి రెండేళ్లు పట్టింది. నేడు డబ్బాపాలు ఎంచుకునే తల్లులకూ, తమ పాలిచ్చే తల్లులకూ ఒకే శ్రద్ధ, ఒకే గౌరవం లభిస్తున్నాయి. కిందటి నెల ఒక గర్భిణి గుమ్మంలోనే నిలబడి, "నేను పాలివ్వాలనుకుంటున్నా, ఏమంటారు డాక్టరమ్మా?" అని అడిగింది. డాక్టర్ గారు కుర్చీ జరిపి, "ముందు కూర్చో," అన్నారు.

ముప్పై మూడేళ్లు నిలబడి పనిచేసి ఇవాళ పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ గారూ, ఇక మీరూ కాస్త కూర్చోండి. ఆరోగ్యంగా, నిశ్చింతగా, చాలా చాలా ఏళ్లు.