ఐస్ డబ్బాలో ఆస్ట్రేలియా పాట

అది కాదు హుస్సేన్ భాయ్, ముందు నాకీ సంగతి చెప్పండి. దాన్ని మీరెందుకు కదుపుతున్నారు? పోయినసారి నేను కుట్టుమిషను మూత కింద పెట్టి వెళ్ళానా, ఇప్పుడు చూస్తే అక్కడ లేదు. అంతకుముందు అరబ్బీ పాటల పెట్టె అడుగున పెడితే, తరవాత వచ్చేసరికి పాత ఫ్యాన్ల వెనకాల తేలింది. ఇంత చిన్న రికార్డు. ఇంత పెద్ద పాత సామాన్ల కొట్టులో దాన్ని ఉన్నచోట ఉండనిస్తే మీ సొమ్మేం పోయింది?

ఆ చూపేమిటి? నేను దాస్తుంటే మీరు చూడలేదనుకున్నానా? చూసీ చూడనట్టు ఆ మూల సులేమానీ టీ తాగుతూ కూర్చుంటారు, మహా అమాయకుల్లాగ.

నవ్వకండి, నాకు టైము లేదు. మా ఆయన కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నారు. జుమ్మా నమాజు ఇప్పుడే అయింది గదా, మీ బనియాస్ సందుల నిండా కార్లే. ఆయనకి చోటు దొరికేలోగా మనం ఇది తేల్చుకోవాలి. ఈ గల్ఫ్ ఎండకి తిండి పాడైపోతుందని ఈ ఐస్ డబ్బా మోసుకుని నేను ముందు దిగిపోయాను. అసలు సంగతి తిండి కాదులెండి.

ఎక్కడుంది ఇప్పుడది? సూట్‌కేసుల వెనకా? సరే, అక్కడే ఉండనివ్వండి.

మీరు మొన్న ఇంటికి ఫోన్ చేశారు. ఎత్తింది నేనే. కొట్టు ఎత్తేస్తున్నాను, ఆ ఆస్ట్రేలియా రికార్డు ఏం చెయ్యమంటారో సారుని అడగండమ్మా అన్నారు. అంటే ఏమిటి? రికార్డు మీ కంటపడింది, ఆయనకి అమ్మేస్తారనేగా? చెప్పలేదు. నేనెందుకు చెప్తాను? రాంగ్ నంబరని పెట్టేశాను. గొంతు మార్చాలని కూడా తోచలేదు ఆ కంగారులో.

మీరు రాయచోటి వెళ్ళిపోవడం మంచిదే భాయ్. హబీబున్నీసా వదిన మాత్రం ఎన్నాళ్ళని ఒక్కతే ఉంటుంది? నేను కాదనను. కానీ పోతూ పోతూ నా కొంప ముంచడమెందుకు? లేదు, ఇంక రాదు, ఖలాస్ అని ఆయనతో ఒక్క మాట అనండి. అని, దాన్ని మీతోపాటు పట్టుకుపోండి. మీ ఇంట్లో గోడకి తగిలించుకోండి.

ఎందుకా? మీకు అదొక అరిగిన నల్ల చక్రం. నాకది సవతి.

నలభై ఏళ్ళ కిందటి పాట అది. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ అనే ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు ఎవరి షెడ్డులోనో పాడి, సొంత ఖర్చుతో రికార్డు వేయించుకున్నారట. వాళ్ళ ఊళ్ళోనే ఎవరూ వినలేదు. విన్నదెవరయ్యా అంటే విశాఖపట్నంలో మా ఆయన. మా మామగారు పోర్టులో పనిచేసేవారు. గోధుమల ఓడలో వచ్చిన నావికుడెవరో ఆయన చేతిలో ఒక రికార్డు పెట్టి వెళ్ళాడట. ఎర్ర లేబులు, దాని మీద తెల్ల చిలక. పక్కింటివాళ్ళ గ్రామఫోను మీద వేసుకుని ఈయన రోజూ వినేవారట. ఒకరోజు మా ఆడపడుచు శ్రీసుధ దాని మీద కూర్చుంది. అంతే. ఈ రోజుకీ ఆవిడ మా ఇంటికొస్తే, కుర్చీ చూసుకుని కూర్చోవమ్మా అంటారు.

అది అక్కడితో పోయిందనుకున్నాం. అయిదేళ్ళ కిందట ఆఫీసులో ఆస్ట్రేలియా కెప్టెనొకాయన ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ, పాత రికార్డు ప్లేయరూ ఒక ట్రంకుపెట్టె నిండా వాళ్ళ దేశం పాటలూ ఈయనకిచ్చి పోయాడు. ఆ వేళ మొదలైంది పిచ్చి. ఇప్పుడు మా హాల్లో ఒక గోడ గోడంతా ఆస్ట్రేలియా. సముద్రం మీద పలకలెక్కి ఊగేవాళ్ళ పాటలు, జుట్టు కళ్ళ మీద పడ్డ కుర్రాళ్ళ పాటలు. నాకు ముక్క అర్థం కాదు. ఇదిగో, పప్పు తాలింపు పెడుతూ పాడేది మాత్రం నేనే.

ఈ ఐస్ డబ్బా సంగతి తెలుసా మీకు? మొదటి ఎండాకాలం, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన వాళ్ళ రికార్డులు కొని, కారు వెనక సీట్లో పెట్టి, ఒక్క టీ తాగొద్దామన్నారు. వచ్చేసరికి అన్నీ వేయించిన అప్పడాల్లా అయిపోయాయి. ఆ రోజు మనిషి అన్నం తినలేదు. అప్పట్నుంచి ఏ రికార్డు కొన్నా ఇందులోనే ప్రయాణం. నేను చేపలు తెచ్చుకునే డబ్బా ఇది. మా ఇంట్లో ఉన్న, ఎవరో అమ్మాయి పాడిన ప్రేమ పాట రికార్డుకి ఇప్పటికీ వంజరం వాసన.

ఆ, అసలు విషయానికి వస్తున్నాను.

మా స్నిగ్ధ చదువుకని పుణె వెళ్ళిపోయాక ఆ ఫ్లాటులో మిగిలింది మేమిద్దరం. శుక్రవారమొస్తే ఆయన పొద్దెక్కేదాకా నిద్ర, తిని మళ్ళీ నిద్ర, లేచి పేపరు. మా మధ్య మాటలంటే ఏముంటాయి? ఉప్పు తగ్గింది. ఏసీ ఎక్కువైంది. గ్యాసువాడు వచ్చాడా. నేను బాల్కనీలో నిలబడి కింద పోయే కార్లు చూసేదాన్ని. కోపం కాదు భాయ్. కోపమైతే దెబ్బలాడుకునేవాళ్ళం, అదైనా ఒక కాలక్షేపం.

రికార్డుల పిచ్చి పట్టాక మనిషి మారిపోయారు. శుక్రవారం పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, యల్లా కుసుమా, పద పద అని తలుపు దగ్గర నిలబడతారు. ఎక్కడెక్కడ తిప్పారు నన్ను! దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో సామాన్ల గోడౌన్లు తిప్పారు. అల్ ఐన్ తిప్పారు. గోను తుఫాను తగ్గాక ఖోర్ ఫక్కాన్ వెళ్ళాం. అక్కడొక కొట్టులోకి నీళ్ళొచ్చి అట్ట కవర్లన్నీ ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆయన ఒక్కొక్కటే విడదీస్తుంటే నేను పక్కన కూర్చుని చున్నీతో తుడిచాను. సాయంత్రం సముద్రం ఒడ్డున పులిహోర తిన్నాం. అక్కడే వాళ్ళ నాన్న గురించి చెప్పారు నాకు, క్రేను మీద నుంచి ఎలా పడిపోయారో, తను ఆ రోజు ఎక్కడున్నారో. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అదే మొదటిసారి ఆ మాట ఎత్తడం.

ఇప్పుడర్థమైందా? ఆ రికార్డు దొరికితే ఇదంతా ఖలాస్.

మొదట్లో ఆయనే అన్నారు, ఆ ఒక్కటి దొరికితే చాలు కుసుమా, తరవాత నిన్నెక్కడికీ తిప్పను, ఒట్టు అని. ఆయన ఒట్టంటే ఏమిటో మీకు తెలీదు. ఒకరోజు సిగరెట్లు మానేస్తానన్నారు, మర్నాటి నుంచి అగ్గిపెట్టె కూడా ముట్టుకోలేదు. అలాంటి మనిషి.

అందుకే మొన్న చలికాలంలో మీ కొట్టులో పెట్టెలు కెలుకుతుంటే ఆ తెల్ల చిలక నా చేతికి తగిలినప్పుడు, ఏవండీ అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆయన ఆ వెనక వరసలోనే వంగి ఉన్నారు. అరబ్బీ పాటల కిందకి తోసేసి, పదండి నాకు ఆకలేస్తోంది అన్నాను. పాపమే. ఆయన చిన్నప్పటి పాట అది, నాకు తెలీదా? కానీ పాట దొరికాక ఆయన దాన్ని ఇంట్లో కూర్చుని వింటారు. నేను మళ్ళీ బాల్కనీలో నిలబడాలి.

కాబట్టి ఇంకోసారి దాన్ని కదిపారో, నేను ఊరుకోను.

కదపలేదా? మీరు కాదా? సరే, నమాజు చేసుకొచ్చిన నోటితో చెప్తున్నారు కాబట్టి నమ్ముతాను. మరెవరు, మీ కొట్టు పిల్లి కదిపిందా?

ఏ సారు?

మా ఆయనా?

ఉండండి. ఆ స్టూలు ఇలా తొయ్యండి, కూర్చుంటాను.

ఎప్పుడు చూశారాయన? పోయిన రంజానుకి ముందా? అంటే నాకంటే ముందే. బనియాస్‌లో ఆఫీసు పనుండి ఒక్కరే వచ్చారా? నాకు చెప్పనే లేదు. మరి దొరికాక ఇంటికి తెచ్చుకోలేదేం? డబ్బు ఇచ్చేశారా? ఇచ్చేసి, మీ దగ్గరే వదిలి వెళ్ళారా?

ఏమన్నారు? ఆయన అన్న మాట అన్నట్టే చెప్పండి. మీ సొంతం ఏమీ కలపకండి.

"ఇది దొరికిందని తెలిస్తే మా ఆవిడ ఇంక నాతో రాదు భాయ్." ఇదా ఆయన అన్నది? ఇంతేనా? ఇంకోసారి చెప్పండి.

నేనే అన్నాను మరి. ప్రతి శుక్రవారం కారెక్కుతూ అంటాను. ఆ దిక్కుమాలిన రికార్డు దొరికేదాకానే మీ వెంట తిరుగుతాను, తరవాత నన్ను పిలిస్తే ఊరుకోను అని. ఊరికే అంటాను భాయ్. పిలవగానే గెంతుకుంటూ కారెక్కితే అలుసైపోమూ? పొద్దున లేచి పులిహోర కలిపేది నేను, రాత్రే చీర తీసి పెట్టుకునేది నేను. అవి కనబడలేదు ఆ మనిషికి. నోటి మాట పట్టుకున్నారు.

నాకు ఏడుపొస్తోంది. నవ్వూ వస్తోంది. ఆ టిష్యూ డబ్బా ఇటివ్వండి.

పోయిన నెల ఈ మూలనే మోకాళ్ళకి దుమ్ము కొట్టుకుని లేచి, లేదు కుసుమా, ఇక్కడా లేదు అని మొహం ఇంత చేసుకున్నారు. ఎంత జాలేసిందో నాకు. దారిలో దిగి కరక్ టీ కూడా ఇప్పించాను. అది దాస్తూ అంటుకున్న దుమ్మా! నేను ఇక్కడ పెడితే ఆయన అక్కడ పెట్టడం, ఆయన అక్కడ పెడితే నేను ఇంకోచోటికి తొయ్యడం. మీరు ఇద్దర్నీ చూస్తూ టీ తాగడం. ఇన్ని నెలలు టిక్కెట్టు లేకుండా చూశారు కదా.

నా సంగతి ఆయనకి చెప్పారా? చెప్పలేదా? మరి పెట్టినచోటు నుంచి అది ఎలా నడిచిపోతోందనుకున్నారు ఆయన? ఎలకలు లాక్కెళ్తున్నాయని చెప్పారా? నమ్మారా? షిప్పింగు కంపెనీలో అంత పెద్ద ఉద్యోగం చేస్తారు, ఎలకలు రికార్డు తీసుకెళ్ళి కుట్టుమిషను మూత కింద పెడతాయంటే నమ్మారా?

ఒక్క మాట నాతో అనొచ్చుగా భాయ్. కుసుమా, నువ్వు పక్కన కూర్చుంటే నాకు బాగుంటుంది అని. ఎంత సేపు పడుతుంది ఆ మాటకి? నన్ను చూసి మీరలా తల ఊపక్కర్లేదు. నేను అన్నానా అంటారు, అంతేగా? అనలేదు. ఇప్పుడు మాత్రం అంటానా ఏమిటి? ఈ వయసులో సిగ్గు.

అరె, అదుగో, రోడ్డు దాటుతున్నారు. లేవండి, లేవండి. సూట్‌కేసుల వెనక నుంచి దాన్ని ఇలా తెండి. రాయచోటికి వద్దు, ఎక్కడికీ వద్దు. నేను పట్టుకుపోతాను. పులిహోర గిన్నె కింద కాదు, పైన. చదునుగా పెట్టండి, అట్ట నలగకుండా. ఆ గుడ్డ కప్పండి. మూత వెయ్యండి. మా ఇంట్లో దాచడానికి బియ్యం డ్రమ్ము వెనకాల బోలెడు చోటు, ఆయన వంటింట్లోకి రారు.

ఏవండీ, వచ్చారా? లేదటండీ. భాయ్ కొట్టు కూడా ఎత్తేస్తున్నాడట పాపం. రాయచోటి వెళ్ళిపోతున్నాడు. మీరూ ఒకసారి చూసుకోండి, తొందరేం లేదు.

భాయ్, ఇటు చూడండి, మెల్లగా. ఆయన తిన్నగా సూట్‌కేసుల దగ్గరికే పోయారు. వంగారు. చెయ్యి పెట్టారు. ఇప్పుడు మిమ్మల్ని చూస్తున్నారు. మీరు మీ టీ కప్పులోకి చూడండి, అటు చూడకండి. ఇప్పుడు నన్ను చూస్తున్నారు. నా కళ్ళెర్రగా ఉన్నాయా? దుమ్మనుకుంటారులే. ఇప్పుడు డబ్బా వైపు చూస్తున్నారు.

ఏమిటండీ అలా నిలబడిపోయారు? లేదనే కదా చెప్పాను. సరే పదండి, ఆకలేస్తోంది. ఆ ఐస్ డబ్బా పట్టుకోండి.

చూశారా భాయ్, చూశారా? ఎప్పుడూ దాన్ని ఒంటిచేత్తో వేలాడేసుకుని ఊపుకుంటూ పోయే మనిషి. ఈ వేళ రెండు చేతుల మీద, కొంచెం కూడా వంగకుండా, పసిపిల్లను ఎత్తుకున్నట్టు మోస్తున్నారు. గుమ్మం దగ్గర ఆగి మరీ దాటారు. అడగలేదు. మూత తీసి చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ, వస్తున్నానండీ, భాయ్‌కి సెలవు చెప్తున్నాను. మీరు నీడ పట్టున నడవండి. వచ్చే శుక్రవారం ఖోర్ ఫక్కాన్‌లో ఇంకోసారి వెతుకుదాం. ఆ దిక్కుమాలింది దొరికేదాకానే వస్తాను, ముందే చెప్తున్నాను.