ఢిల్లీ గుంత

మా వార్డు మెంబరు కొమురెల్లి ఢిల్లీ కథ నేను ఐదుసార్లు విన్నాను. మొదటిసారి అతను కాజీపేట దాకానే వెళ్ళాడు. రెండోసారి నాగపూర్‌లో దిగి సంత్రాలు తిన్నాడు. మూడోసారి ఢిల్లీ స్టేషన్‌లో ఎవరో అతన్ని గుర్తుపట్టి దండం పెట్టారు. నాలుగోసారి చెప్పిన రోజే నేను తట్ట తేవలసి వచ్చింది.

గోదావరిఖనిలో బొగ్గుబాయి దారి మీద, మా గుడిసెల వరుస మొదట్లో నాకు చాయ్ హోటల్ ఉంది. హోటలంటే నాలుగు గుంజలు, మీద తడక, రెండు బల్లలు. ఎదురుగా దారి నడుమ గుంత ఉండేది. నల్లా పైపు వేస్తామని చలికాలంలో పంచాయితీ వాళ్ళు తవ్వించారు. మనిషి ఛాతీ లోతు. అదే నెలలో జనం మీద భారం తగ్గిస్తున్నామని నల్లా పన్ను ఎత్తేశారు. పన్ను లేదు గనక పైసలు లేవు, పైసలు లేవు గనక పైపు లేదు. గుంత మాత్రం మిగిలింది.

ఆ నాలుగోసారి కథకు నాలుగు రోజుల ముందు, నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని వస్తూ నా బిడ్డ పూలమ్మ అందులో పడింది. పదకొండేళ్ళది. మోకాలి కింద ఎముక విరిగింది. దవాఖానలో సిమెంటు కట్టు వేసి పంపారు. హోటల్ వెనక నులక మంచం మీద పడుకోబెట్టాను. అప్పటినుంచి చాయ్ పోస్తుంటే నా చెయ్యి నిలవలేదు. సగం గ్లాసులో, సగం బల్ల మీద.

గుంత మేమే పూడ్చుకుందుము. నా పెనిమిటి నర్సింగం పార పట్టుకుని దిగాడు కూడా. పంచాయితీ జవాను వచ్చి ఆపాడు. అది పంచాయితీ గుంతట. మెంబరు చెయ్యి పడందే ఎవరు ముట్టినా జుర్మానా అట. మెంబరు కొమురెల్లిని అడిగితే, "ఎల్లేశం ఒప్పుకోవాలె" అన్నాడు. ఇంకో మెంబరు ఎల్లేశాన్ని అడిగితే, "కొమురెల్లి సర్కారు పార్టోడు గదా, ఆయన్నే అడుగు" అన్నాడు.

వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు అప్పటికి ఇంకా రెండు రోజులుంది. వాన పడితే గుంత నిండుతుంది. నిండితే అక్కడ గుంత ఉన్నట్టే కనబడదు. ఆ దారినే మా వరుసలో పిల్లలంతా బడికి పోవాలి.

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు మొహం మీద బొగ్గుతోనే బల్లల మీద చేరారు. కొమురెల్లి తన జాగాలో తాను కూర్చున్నాడు. రోజూ అదే బల్ల, అదే వైపు. గుంతకు వీపు పెట్టి. ఎల్లేశం ఎదురుగా కూర్చుని, మిర్చీలు చుట్టిన పాత పేపరు విప్పి చదివాడు.

"ఏంది బావా, ఢిల్లీల మీ సర్కారు పెద్ద పెద్ద శావుకార్లకు పన్ను తగ్గిచ్చిందట. బడ్జెట్ల ఇంత లోటట. మన బీడీకి, అగ్గిపెట్టెకు మాత్రం తగ్గలె. దీనికి జవాబెవరు చెప్తరు?"

"ఆ లోటా?" అన్నాడు కొమురెల్లి, ఈగను తోలినట్టు చెయ్యి ఊపి. "అది పూడ్సింది నేనే గదనే."

బల్లల మీద వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

"నాకు ఢిల్లీ పోవాలని ఏం లేకుండె. మాఘమాసంల మా మేనబావ లగ్గానికని కాజీపేట పోయిన. గంతే. టేషన్ల నిలబడి బీడీ అంటిచ్చుకుంటున్న, ఢిల్లీ పోయే జీటీ రైలొచ్చి ఆగింది. పెట్టెలకెల్లి ఒక పెద్దమనిషి తల బైటికి పెట్టి, ఏమయ్యా, ఆ అగ్గిపుల్ల మీద పన్నెంతో తెలుసా అన్నడు. పుల్ల మీదెంత, మందు మీదెంత, పొగ మీదెంత, గడగడ చెప్పిన. ఆయన కండ్లు తిరిగినయ్. నాకే తెల్వదు, నీకెట్ల తెలుసు, ఎక్కు అన్నడు. ఎవరనుకున్నరు? ఢిల్లీ ఖజానా తాళంచెయ్యి ఆయన మొలతాడుకే ఉంటది."

"టికెట్ తీసుకున్నవా?" అన్నాడు బిక్షం. బాయిలో ఇసుక నింపే పని అతనిది.

"టికెట్టేందిరా. ఆయనే టికెట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైల్ల కూసోబెట్టుకొని, కొమురెల్లీ, పన్ను ఎవరికి తగ్గియ్యాలె అని అడిగిండు. పెద్దోళ్ళకే తగ్గియ్యి సారూ అన్న. పెద్దోని కడుపు నిండితే ఇస్తరాకు నిండి మెతుకులు కింద పడతయ్, చిన్నోడు ఏరుకుంటడు. ఆయన గా మాట బుక్కుల రాసుకున్నడు. రాసి, కింద నా దస్కత్ తీసుకున్నడు."

"మెతుకులు ఏరుకునుడు మీ పార్టీల పాత అలవాటేనాయె" అన్నాడు ఎల్లేశం.

"మీ పార్టోళ్ళకు గవి గూడ దొరకయ్, అదీ మీ బాధ. ఇను. ఢిల్లీల దిగినం. ఖజానా తలుపు తీసిండు. నేల లేదు. గుంత. అదే లోటు. పేపరోళ్ళు అంకెలు రాస్తరు గని, కండ్లార చూసినోన్ని నేనొక్కన్నే. ఒక రాయి ఏసిన. చప్పుడు లేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కొని, ఒక కునుకు తీసినంక టంగుమన్నది. అదిగూడ అడుగున గాదు, నడిమిట్ల ఏడనో తాకి. లెక్క సూద్దామని వంగి ముగ్గురు గుమాస్తాలు అండ్ల పడ్డరట. ఇంక అడుగు ముట్టలె, గాలిలనే పింఛన్‌కు వచ్చిండ్రు."

అందరూ నవ్వారు. బిక్షం నవ్వలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

"అంచు మీద పెద్దోళ్ళంత నిలబడి కొట్లాడుకుంటున్నరు. ఈ గుంత మేం తవ్వలె, అవతలోళ్ళు తవ్విండ్రు అని ఒకడు. మేం తవ్వినప్పుడు మోకాలు లోతే, మీరొచ్చినంకనే గిట్లయింది అని ఇంకోడు. నాకు రోషమొచ్చింది. ఊకోండ్రి, మా బాయిల బొగ్గు తీసినంక ఏం చేస్తమో ఎరికేనా అన్న. ఖాళీ జాగ ఉంచితే మీది కప్పు కూలుతది. గందుకే ఎంత బొగ్గు తీస్తే అంత ఇసుక పోస్తం. మీరు పన్ను తీసిండ్రు, ఆ జాగల ఏం పోసిండ్రు అని అడిగిన."

"ఢిల్లీల ఇసుక ఏడ దొరికింది?" అన్నాడు ఎల్లేశం.

"మన గోదావరిదే. తంతి ఆఫీసుకెల్లి తారు కొట్టిన. తెల్లారేసరికి నూట ఇరవై రైళ్ళు. మంథని కాడ గోదావరి మాఘం నుంచి బక్కగైంది, చూడలేదా? రైళ్ళు చాలకపోతే నేనే తట్ట ఎత్తుకున్న. వ్యాగన్ ఇసుక ఒక తట్టల పట్టాలె. పన్నెండు వేల తట్టలు, ఒంటి చేత్తోని, ఇంకో చేతిల బీడీ. గుంత నిండి మీదికి గుట్ట లేసింది. గా గుట్ట మీద బంగ్లా కట్టిస్త, ఈడనే ఉండు అన్నడు ఆ సారు. నేనొద్దన్న. మా వార్డోళ్ళను ఎవరు చూసుకుంటరు అన్న."

వార్డు వాళ్ళమంతా అతని వీపు వెనకకు చూశాం.

బిక్షం గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, ఒక్క మాట. ఇసుక ఇడిసే ముంగట లోపలికి మూడుసార్లు కేకేస్తం. మనిషున్నడా, మనిషున్నడా అని. జవాబొచ్చిందంటే పని బంద్. నీ గుమాస్తాలను పైకి తీసినవా?"

కొమురెల్లి అతని వైపు చూశాడు.

"అంటే, కేకేసినవా అని."

"వాళ్ళదేందిరా..." అన్నాడు కొమురెల్లి. బీడీ ఆరిపోయింది. మళ్ళీ అంటించుకున్నాడు. "వాళ్ళు మన పార్టోళ్ళు గాదు."

వెనక మంచం కిర్రుమంది. పూలమ్మ కాలు జరుపుకున్నట్టుంది.

నేను పొయ్యి దగ్గర్నుంచి లేచి, బొగ్గు తట్ట ఖాళీ చేసి, పారతో కలిపి కొమురెల్లి కాళ్ళ ముందు పెట్టాను.

"ఢిల్లీ గుంతకు పన్నెండు వేల తట్టలు పట్టిందన్నవు, అన్నా. దీనికి వంద గూడ పట్టయ్. గోదావరి దాకా పోవుడు వద్దు, తవ్విన మన్ను పక్కనే ఉన్నది. లోపల మనిషి లేడు. నేను చూసే వస్తున్న."

"నేనెట్ల ముడుత సారక్కా, తీర్మానం గావాలె. అవతలి పార్టోళ్ళు ఒప్పుకోవాలె."

"దొరికినవు బావా" అని ఎల్లేశం తొడ చరుచుకున్నాడు.

నేను లోపలికి పోయి రెండో తట్ట తెచ్చి ఎల్లేశం ముందు పెట్టాను. "పన్ను తీసేసిననాడు నువ్వు గూడ చెయ్యెత్తినవు. నావల్లనే తగ్గిందని నువ్వొక డప్పు కొట్టిచ్చుకున్నవు, ఈయనొక డప్పు కొట్టిచ్చుకున్నడు."

షిఫ్టు వాళ్ళు లేచి నిలబడ్డారు. మొహాలు నల్లగా ఉన్నాయి, కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

మొదటి తట్ట కొమురెల్లి పోశాడు. రెండోది ఎల్లేశం. ఎవరి తట్ట పెద్దదన్న దగ్గర కాసేపు ఆగారు. నాలుగో తట్టకు కొమురెల్లి నడుం పట్టుకుని నీళ్ళడిగాడు. మెంబర్ల చెయ్యి పడింది గదా, ఇక జుర్మానా లేదు. మిగిలింది బిక్షం, షిఫ్టు వాళ్ళు పొద్దు గూకక ముందే పూడ్చి, మీద ఎక్కి తొక్కారు. మిరుగం నాడు వాన పడింది. పిల్లలు ఆ మట్టి మీదనే నడిచి వెళ్ళారు.

పైపు ఇంకా రాలేదు. పన్ను మళ్ళీ వెయ్యాలట. ముందు చెయ్యి ఎవరెత్తాలన్న దగ్గర ఆగింది.

ఐదోసారి ఢిల్లీ కథలో మా గుంత కూడా చేరింది. లోతు తాటిచెట్టంత. ఎల్లేశం ఒక్క తట్ట కూడా మొయ్యలేదట. గుమాస్తాల ఊసు లేదు.

కొమురెల్లి ఇప్పుడు దారికి మొహం పెట్టి కూర్చున్నాడు. నేను చాయ్ పోశాను. బల్ల మీద ఒక్క చుక్క పడలేదు.