మకరోనీ గిన్నె

టొలీడో ఊళ్లో ఓ ఇంటి వసారా. భర్త పోయి ఆరు రోజులైన పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఒక కుర్రాడు మకరోనీ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"పేపర్లో చూశానమ్మా. చాలా బాధేసింది."

"ఈ వారంలో నువ్వు నాలుగోవాడివి బాబూ. నిన్నటివాడు చికెన్ తెచ్చాడు. కూర్చో."

"ఇంత పెద్దిల్లు మీరొక్కరే ఎలా చూసుకుంటారోనని..."

"తొందరపడ్డావు. అది రెండో పాఠం. ముందు గోడ మీద ఫోటో చూసి మెచ్చుకోవాలి."

"పాఠమేంటమ్మా?"

"చేతిలో డబ్బు లేకుండా ఇళ్లు కొనడమెలాగన్న క్లాసు విన్నావుగా? చావు కబురు చదువు, వండింది పట్టుకెళ్లు, ఆవిడ ఏడ్చాక ధర చెప్పు. ఆ పాఠాలు రాసి క్లాసువాళ్లకి అమ్మింది మా ఆయనే. టైపు చేసింది నేను. ఈ ఇల్లూ అలా ఓ ముసలిదాని దగ్గర కొట్టేసిందే."

"తప్పయిపోయిందమ్మా. ఉద్యోగం మానేసి మరీ చేరాను. ఇంతవరకూ ఒక్క ఇల్లూ కుదర్లేదు."

"ఆయన పోతేనే ఏడవలేదు, నీ మకరోనీకి ఏడుస్తానా? సర్లే, నీ సంగతి చెప్పు. ఇంట్లో ఎవరున్నారు?"

"అమ్మొక్కతే. నాన్న మార్చిలో పోయారు."

"అయ్యో నాయనా. తిను, నువ్వు తెచ్చిందేగా. ఇల్లింకా నాన్న పేరునే ఉందా?"

"అవునమ్మా. పన్ను కట్టమని కాగితాల మీద కాగితాలు వస్తున్నాయి. అమ్మ వాటిని విప్పను కూడా విప్పట్లేదు..."

అతను ఏడ్చేశాడు. ఆవిడ రుమాలు అందించి, అతను కళ్లు తుడుచుకునేదాకా ఆగి, వాళ్లింటికి ధర చెప్పింది.