మన గడ్డి మనమే కోసుకుందాం

కాదండీ అంకయ్య గారూ, నేల మీద కూర్చుంటానంటే ఎలా? ఈ కుర్చీ ఎవరి కోసం మోసుకొచ్చాననుకున్నారు? పన్నెండేళ్ళుగా ఈ జనక్‌పురిలో గడ్డి కోస్తున్నారు. ఒక్క ఇంట్లో, ఒక్కసారి, మీకు కుర్చీ వేశారా? గులాబీ మొక్కకి మాత్రం చుట్టూ ఇటుకలు పేర్చి గట్టు కట్టిస్తారు. మనిషికి మాత్రం మట్టి. నేను వేశాను. కూర్చోండి.

సరే, మీ ఇష్టం. ఎండ తగలకుండా ఇటు జరగండి, అంతే.

నాన్నగారా? లేవలేరు. నడుం పట్టేసింది. పోయిన ఆదివారం డాబా మీద ట్యాంకు ఆయనే కడిగారు. అవును, నేనే చెప్పాను. సెక్రటేరియట్‌లో ఎంత పెద్ద కుర్చీ అయితేనేం, తను తాగే నీళ్ళ ట్యాంకు తను కడుక్కోకూడదా? కడిగారు. లోపలికి దిగారు గానీ పైకి రాలేకపోయారు, అది వేరే సంగతి. అది నడుములో లోపం. సిద్ధాంతంలో కాదు.

ఆ ముందు ఆదివారం కూలర్‌కి కొత్త గడ్డి తడికెలు బిగించాం, నేనూ అమ్మా. మీరు కిటికీ వైపు చూడకండి. కారుతోంది, నాకు తెలుసు. బకెట్ పెట్టాం కదా.

నవ్వారా? ఫర్వాలేదు, నవ్వండి. మొదటిసారి చేసే పని ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఇంతకీ మీరొచ్చింది అర్జీకి. నిన్న సాయంత్రం కాలనీ మీటింగులో మన బ్లాకు సెక్రటరీ భరద్వాజ్ అంకుల్ తేల్చి చెప్పేశారట కదా, ఒకటో తారీకు నుంచి బ్లాకులో ఎవరింటికీ మాలీ అక్కర్లేదని. అందరికీ కలిపి ఒకటే మిషన్, వారానికొక ఇంటి వంతు. మార్చిలో మీకు మా ఇంటి పని పోయింది. ఇప్పుడు మిగతా పదమూడిళ్ళూ ఒక్కసారే. పన్నెండేళ్ళు చేయించుకుని, ఒక్క మీటింగులో చెయ్యెత్తి తీసేశారు. చెయ్యెత్తడానికి మాత్రం వీళ్ళకి బద్ధకం ఉండదు.

రాస్తాను. రాయకేం? పదేళ్ళ పిల్లప్పటి నుంచి మీ ఊరికి మీ ఉత్తరాలన్నీ నేనేగా రాసింది. కానీ ఒక్క మాట. చేతులు జోడించి మనవి, తమరి దయ, తమరి పాదాలు, అవేవీ నా కలం రాయదు. అర్జీ కాదు, డిమాండు రాస్తాను. శ్రమించే చెయ్యి అడుక్కోదు, అడుగుతుంది. ముఖర్జీ నగర్ లైబ్రరీలో ఈ మాట మీద మేము రెండు గంటలు కొట్టుకున్నాం. నాన్నగారు నన్ను అక్కడికి కలెక్టర్ పరీక్షకి చదవమని పంపారు, పాపం.

ఏమిటది, జేబులోంచి? కాగితమా?

ఇది... పాలబూత్ దగ్గర బోర్డు మీద ఉండాలే. మీరే పీకి తెచ్చారా?

చదువుతాను. చదువుతాను లెండి, తొందరేముంది. హిందీలో ఉంది. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి.

ఆ మెట్ల కింద ఎర్రగా కనబడుతోందే, అదే కొత్త మిషన్. దాన్ని ఎంచి తెచ్చింది నేనే, దాచను. మీటింగుకి ముందే, పోయిన నెలాఖరులో, అంకుల్‌కి టైము లేదంటే నన్ను పంపారు. మొదటి వంతు మాదే. దుకాణంవాడు మూడు చూపించాడు. ఒకటి కరెంటుది. వద్దన్నాను. కరెంటు మిషన్ మనిషి చేతిలోంచి పని లాక్కుంటుంది. రెండోది పెట్రోలుది, విదేశీ సరుకు. ఆ సరుకుకి తలుపులు తెరిచే డంకెల్ ఒప్పందం వద్దని ధర్నాలో వారం రోజులు గొంతు పోగొట్టుకున్నదాన్ని, ఆ బండి తోసుకుంటూ ఇంటికెలా వస్తాను? మూడోది నెట్టేది. మన దేశంలో చేసింది, మనిషి నెడితేనే కదిలేది. అదే కట్టమన్నాను. బ్లేడు చూసుకో దీదీ అన్నాడు వాడు. చూశాను. తళతళ మెరిసింది.

మనిషి పని లాక్కోని మిషన్ కోసం దుకాణమంతా వెతికాను అంకయ్య గారూ. ఇప్పుడు కూడా నవ్వాలనిపిస్తే నవ్వండి.

తెలుసు, చూస్తున్నారని. చూడక ఎలా ఉంటారు? ముంగిలంతా కుక్క పీకినట్టుంది. అడుగంటా కోస్తే వారం వారం కొయ్యక్కర్లేదనుకున్నాను. మే నెల ఎండలో అంత పొట్టిగా కోస్తే వేరు మాడిపోతుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరైనా చెబితే కదా తెలిసేది.

చెప్పారా? ఎప్పుడు?

ఓ. మార్చిలో. గేటు దగ్గర.

నేనప్పుడు మీకు విముక్తి గురించి చెబుతున్నాను. ఒకరి చెమట ఇంకొకరు కొనడం దోపిడీ, రేపటి నుంచి మా ఇంట్లో ఆ దోపిడీ లేదు అని. మీరు మధ్యలో ఏదో గడ్డి గురించి అంటే, అది కాదు వినండి అన్నాను. మీరు విని, మంచిది పాపా అన్నారు. కత్తెర కడిగి, పంచె చెంగుతో తుడిచి, మెట్ల కింద పెట్టి వెళ్ళారు. ఆ రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో.

తప్పు చేశానని మాత్రం అనను. ఇప్పటికీ అనను. తన ఇంటి ముందు గడ్డి తను కోసుకోవడం తప్పా? అది తప్పైతే ఇంకేది ఒప్పు? నాన్నగారు ఆదివారం పేపరు మడిచి పక్కన పెట్టి చెమటోడిస్తే నాకు సంతోషం వెయ్యకూడదా? వేసింది. ఆయన చేతులకి బొబ్బలొస్తే, ఇదీ మార్పు అంటే అనుకున్నాను.

చదువుతున్నాను. అడిగారు కదా, చదువుతున్నాను.

'సోదరులారా, సోదరీమణులారా. మన గడ్డి మనమే కోసుకుందాం. మన చేతులు మనకు లేవా? ఆదివారం ఒక్క గంట శ్రమిస్తే యజమాని ఉండడు, నౌకరు ఉండడు. ఈ బ్లాకు నుంచే మొదలుపెడదాం.' ఇంతే.

కింద పేరు లేదు. ఎవరు రాశారంటారా?

మీరు ఎవరనుకుంటున్నారు? భరద్వాజ్ అంకులా? ఆయన ఇంత బాగా రాయలేరు.

అటు చూడకు మామా. ఇటు చూడు. నేనే రాశాను.

మా ఇల్లొక్కటే మానేస్తే ఏం లాభం, ఊరంతా మానాలని రాశాను. పేరెందుకు పెట్టలేదంటే, ఇది జనం గొంతు, నా ఒక్కదానిదే కాదు అనుకున్నాను. పొద్దున్నే పాలకొచ్చిన వాళ్ళంతా చదివి, భేష్ అన్నారు. ఒకావిడ నకలు కూడా రాసుకుంది. నా బుర్ర ఆకాశంలో ఉంది మామా. మాలీని మాన్పించడానికి వాళ్ళకి ఓ మంచి మాట కావలసి ఉందని, ఆ మాట నేను తెచ్చి బోర్డుకి అంటించానని, అప్పుడు తట్టలేదు.

ఒక్క అక్షరం అబద్ధం లేదు ఇందులో. కావాలంటే ఎవరినైనా పిలిచి చదివించు. అదే నాకు ఒళ్ళు మండేది. ఇంత మంచి కాగితంలో నువ్వెక్కడా లేవు.

ఏమైనా అను. తిట్టు. చిన్నప్పుడు మామా అన్న నోటితోనే ఈమధ్య గారూ గారూ అంటున్నాను, అదైనా తిట్టు.

వెళ్ళిపోతున్నావా?

గేటు ఇటు కదా. మెట్ల కింద ఏం పని?

ఆ మిషన్ ఎందుకు మామా బయటికి లాగుతావు, దాన్ని తిరగేస్తే... కాగితమా? ఈ కాగితమే కావాలా? ఇదిగో.

అర్థమైంది. కాగితం కొస బ్లేడు కింద పెట్టి చక్రం తిప్పితే తెగాలి. తెగలేదు. మడత పడింది. అంటే ఇన్నాళ్ళూ నేను గడ్డిని కొయ్యలేదు, పీకాను.

మరలు తిప్పే పేచ్‌కస్ ఉంది, కూలర్ మీదే మర్చిపోయాను. ఉండు, తెస్తాను.

ఇదిగో. ఈ మరా? రెండు వైపులా సమానంగా బిగించాలా? ఊ. ఇంకొంచెం. ఇప్పుడు పెట్టు.

తెగింది. ఎంత నున్నగా తెగింది. 'సోదరులారా' పోయింది. ఇంకో కొస కూడా చూస్తావా? చూడు. నా అక్షరాలేగా.

రెండు వారాలు మిషన్ ముట్టను. సాయంత్రం పూట నీళ్ళు పెడతాను, అలాగే. ఇదంతా ఎందుకు చెబుతావు నాకు? తన పని తీసేసిన పనిముట్టుని ఇలా బాగుచేసిచ్చి వెళ్ళేవాణ్ణి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కూర్చో. కుర్చీ సంగతి వదిలెయ్. నేనే కిందకొస్తాను. కలం ఉంది, తెల్లకాగితం ఉంది. నా రాత చూడగానే భరద్వాజ్ అంకుల్ పోల్చేస్తారు. పోల్చనీ. ఈసారి కింద నీ వేలిముద్ర పక్కన నా పేరు ఉంటుంది. పదమూడిళ్ళూ తిరిగి వస్తాయని మాత్రం మాటివ్వలేను మామా. మొదటి కాగితం వాళ్ళకి బాగా నచ్చింది. రెండోది ఎందుకు చదువుతారు?

చెప్పు. ఎలా మొదలుపెట్టను?

అదొద్దని ఇందాకే చెప్పానా లేదా?

సరే. నీ అర్జీ, నీ మాట. రాస్తున్నాను చూడు. 'చేతులు జోడించి మనవి.'