వేరు పొయ్యి

లేదు అత్తమ్మా, వేరు పొయ్యి నేను అడగలే. గా నర్సమ్మ ముందట నువ్వు "మా శోభ అయిదో నెలల్నే పొయ్యి వేరు పెట్టుకున్నది, ఇగ నేనేం చూసుకుంటనమ్మా" అన్నవ్ గదా, అందుకే నిన్ను ఇటు పిలిచిన. జర గీ బల్ల మీద కూసో. నీ కొడుకు మందుల చీటీ పట్టుకొని కిందికి పోయిండు. వచ్చేలోపు చెప్త.

నేనడిగిన్నని నీకు చెప్పింది ఎవరు? నీ కొడుకు పరశురామే కదా? మొఖం అటు తిప్పకు. ఆయన గాకపోతే ఇంకెవరు చెప్తరు?

షుగరు బయటపడ్డనాడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూసోబెట్టి చెప్పింది. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినాలె. పామాయిల్ పక్కకు పెట్టి పల్లినూనెనో కుసుమ నూనెనో వాడాలె, అది గూడ రోజుకు మూడు చెంచాలు దాటొద్దు. "ఆరుగురికి ఒక్క గిన్నెల వండితే ఈమె చెంచాలు ఎవరు చూస్తరు? ఈమె కూర వేరే వండుండ్రి" అన్నది. అన్నది ఆమె. తల ఊపింది నీ కొడుకు. చిట్యాలల బస్సు దిగినంక గానుగ కాడ కిలో కుసుమ నూనె, దుకాణంల చిన్న గ్యాసు పొయ్యి ఆయనే కొన్నడు. కాళ్లు వాచి నేను బస్టాండులనే కూసున్న.

మరి ఇంటికి రాంగనే డాక్టరమ్మ మాట ఎందుకు మింగిండు? నీ యారాలు, అదే చిన్నత్త, పొయ్యి వేరు పెట్టిన నాటి సంది మామకు, వాళ్ల తమ్మునికి మాటల్లేవని ఆయనకు తెల్వదా? తెలుసు. అందుకే ఆ నింద నా నెత్తిన పెట్టి తను పక్కకు జరిగిండు.

ఎనిమిది రోజులు నువ్వు నాతోటి మాట్లాడలే. తొమ్మిదోనాడు ఆయనే పొయ్యి తీసి సజ్జ మీద పెట్టిండు. "అమ్మ మనసు నొచ్చింది, సర్దుకో. నూనె తక్కువ పొయ్యిమని అమ్మకు చెప్పిన" అన్నడు.

నీకు చెప్పిండా?

అగో. చెప్పలే.

కూర మీద నూనె తేలుతుంటే, చెప్పినా ఇంత పోస్తున్నదంటే పగతోటే పోస్తున్నదనుకున్న. నువ్వేమో, వేరు పడ్తనన్న కోడలికి గూడ కడుపునిండ పెడ్తున్న అనుకున్నవ్. మూడు నెలలు ఇద్దరం పళ్లు కొరుక్కుంట ఒక్క కాడనే తిన్నం. ఆయన నడుమ కూసొని గారెలు తిన్నడు.

ఇయ్యాల తిన్నంక షుగరు చూస్తే రెండు వందల ముప్పై. నూనె ఒక్కదానితోటే కాలే, అన్నం, గారెలు, అన్నీ కలిసినయ్. బిడ్డ నెలలకు మించి పెరుగుతాందట. నువ్వు సంబురపడ్డవ్ గని, అది బలం కాదత్తమ్మా. కాన్పుల భుజం ఇరుక్కుంటదట. పుట్టంగనే పసిదానికి షుగరు పడిపోతదట. ఇగ రోజూ ఇన్సులిన్ సూది తప్పదన్నరు.

ఒక మాట దాస్తే నేను గూడ ఆయన లెక్కనే అయిత. ఆ ఎనిమిది రోజులు నాకు సుఖంగున్నది. నా మూకుడు, నా పోపు, నాకు కావలసినంత చింతపులుసు. ఎంత వండినవ్, ఎవరికి పెట్టినవ్ అని అడిగేటోళ్లు లేరు. అడగలే గని, ముందే అడిగి ఉంటే బాగుండు అనిపించింది. కోపం చేసుకో, పర్వాలేదు.

ఇంకోటి. నాకు నేను పొడుచుకోలేనంటే, ఇంట్ల సూది ఇచ్చుడు ఎవరు నేర్చుకుంటరని నర్సమ్మ అడిగితే నీ పేరు రాయించిన. అండాలు, అత్త అని. ఆయన పేరు నోట్లకు రాలే.

ప్రేమతోటి అనుకోకు. కోపమొస్తే మొఖం మీదనే చూపెట్టినవ్ నువ్వు. ఆ ఇంట్ల నాతోటి గంత నిజంగ ఉన్నది నువ్వొక్కదానివే.