రెండో కాలు

ఏంటండీ అల్లుడు గారూ, అంత నవ్వు? ఫోనులో సినిమా ముక్కా? ఇలా తెండి, చూద్దాం. ఉండండి, కళ్లజోడు... ఆఁ, నెత్తిమీదే ఉంది. ఎవరు, ఈ సైకిలాయనా? గోడౌను మేడ మీంచి సైకిలుతో సహా గడ్డిబండిలో పడి కిందకి దొర్లుతాడు, ఇతనేనా? ఇతను మా ఊరాయనండి. నిజమే, నేను వేళాకోళం ఎప్పుడాడేను. అబ్బులు. మా పక్కిల్లు. ఇందాకా మీరు కారు పెట్టేరే, ఆ దడి అవతల, అక్కడ ఉండేది వాళ్ల తాటాకిల్లు. మట్టిలో కలిసి చాలా ఏళ్లయిందిలెండి. మీది తణుకు కదా, మీకు తెలీదు. మా సువర్ణకీ తెలీదు, అప్పటికది చంటిపిల్ల. ఏదీ, మళ్లీ వెయ్యండి. అదీ, పడ్డాడు. లేచేడు. ఇప్పుడు మొహం చూడకండి, కాళ్లు చూడండి. ఏ కాలెత్తేడు? ఎడంది. మరి కుడిది? ఎత్తలేదు కదా. మీరు నవ్వేరు, ఫరవాలేదు, అప్పట్లో హాలంతా నవ్వింది. నవ్వడం పాపమని నేను అనను. కానీ పడినవాడు పూర్తిగా లేచేడో లేదో చూసుకుని నవ్వాలండి మనిషి. కూర్చోండి, టీ వస్తుంది.

వాళ్ల నాన్న కొబ్బరి చెట్లకి దింపు తీసేవాడు. ఓ రోజు కామందు గారి తోటలో పట్టుకున్న మట్ట ఊడొచ్చి కిందపడ్డాడు. పడ్డవాడు లేచేడండి. లేచి, దుమ్ము దులుపుకుని, "ఏం కాలేదు, జరగండెహె" అని అందర్నీ కసిరి, నవ్వుకుంటూ నడిచి ఇంటికొచ్చి, చెంబుడు నీళ్లు తాగి చాప మీద పడుకున్నాడు. దీపాలు పెట్టేవేళ లేపితే లేవలేదు. లోపల ఏం చితికిందో ఎవరికి తెలుసు. అప్పట్నించీ జ్ఞానమ్మ పిన్నమ్మకి, అంటే ఈ అబ్బులు తల్లికి, "లేచేడు" అనే మాట మీద నమ్మకం పోయింది. ఈ అబ్బులేమో కుదురులేని ఘటం. నేను లాకుల దగ్గర లస్కరుని కదా, తలుపులెత్తడం దించడం నా పని, నా కళ్లముందే లాకు గోడ మీంచి కాలవలోకి దూకేవాడు. చెట్టు కనబడితే చెట్టు మీంచి. ఆవిడ గట్టు మీద నిలబడి, "ఒరే, చేతులు విదుల్చు. రెండూ. ఇప్పుడు కాలెత్తు. అది కాదు, రెండో కాలు" అని పోలీసు పెరేడులాగ చేయించేది. వాడు నీళ్లోడుతూ చేతులు విదిల్చి, ఓ కాలూ ఓ కాలూ ఎత్తి దించేవాడు, వేడి బూడిదలో అడుగేసిన కోడిలాగ. ఆ అలవాటు పెద్దయినా పోలేదు. తల్లి ఉన్నా లేకపోయినా, ఎక్కడ దూకినా ముందు అదే.

సినిమావాళ్లు రావడం డెబ్భై ఏడు ఉప్పెనకి ముందు మాట. మా కాలవ గట్టునే తీసేరు. ఎవరో కొబ్బరి చెట్టు మీంచి కాలవలో పడాలంట. మద్రాసు నించి తెచ్చిన మనిషి చెట్టు పైదాకా ఓసారి చూసి కడుపులో నొప్పన్నాడు. అబ్బులు ఎక్కేడు. పడ్డాడు. గట్టెక్కేసరికి జనంలో తల్లి కనబడింది, వెంటనే చేతులు విదిల్చి కాళ్లెత్తేడు. డైరెక్టరు గారు కెమెరా ఆపమనడం మర్చిపోయి కుర్చీలో వెనక్కి పడేంత నవ్వేరు. "ఎవరు నేర్పేరయ్యా ఇది?" అంటే, "మాయమ్మండి" అన్నాడు వీడు. ఆయన దానికీ నవ్వేరు. ఇంకేముంది, మద్రాసు తీసుకుపోయేరు. హీరోల బదులు దూకడం, తన్నులు తినే హాస్యం వేషాలు, మెట్ల మీంచి దొర్లడం. పేరు కూడా వేసేవారు కాదు. రైలెక్కేముందు తల్లితో అన్నాడు, "ప్రతి పిక్చర్లోనూ చేస్తానే అమ్మా. నువ్వు చూసుకో, చేతులూ కాళ్లూ లెక్క సరిపోయిందంటే నేను బాగున్నట్టే." ఊళ్లో వాళ్లకి అది వాడి స్టయిలు. ఆవిడకి అది కబురు.

కానీ ఆవిడ చూళ్లేకపోయిందండి. ఒకే ఒక్కసారి వెళ్లింది. వాడు పడవ స్తంభం మీంచి పడుతుంటే లేచి నిలబడి "పట్టుకోండ్రా" అని కేకేసింది. జనం దానికీ నవ్వేరు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆనందం, నువ్వు అబద్ధం ఆడవు. నువ్వెళ్లి చూసి చెప్పు నాయనా" అంది. నేనా, బీడీ లేదు, పేకాట లేదు, సినిమా గడప తొక్కలేదు, సంఘంలో పెద్దని. అయినా ఏమంటాను. వెళ్లేవాణ్ణి. కథ నాకక్కర్లేదు, వాడు పడేదాకా కూర్చుని, లేచేక లెక్క చూసుకుని బయటికొచ్చేసేవాణ్ణి. ఓ ఆదివారం ఆరాధన అయ్యేక పాస్టరు గారు పక్కకి పిలిచేరు. "ఆనందరావ్, నిన్ను సినిమా హాల్లో చూసేరంట." "చూసే ఉంటారండి అయ్యగారూ. చూసినాయన కూడా హాల్లోనే ఉన్నారు కదండీ." ఆట చూసి ఇంటికొస్తే పిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉండేది. "రెండూ ఎత్తేడా?" "ఎత్తేడు పిన్నమ్మా." అప్పుడు గానీ అన్నం వార్చేది కాదు.

ఎనభై మూడులో వచ్చింది ఇదిగో ఈ పిక్చరు. అంతకుముందు క్రిస్మసుకి వాడు రాలేదు. కొత్తపేట ఏడుకొండలని, మద్రాసులో అదే సినిమా కంపెనీలో బట్టలు ఇస్త్రీ చేసేవాడు, అతను సొంతూరొచ్చి మా ఇంటికొచ్చి, "అబ్బులు ఊటీలో ఉన్నాడండి, ఊపిరాడట్లేదండి షూటింగులతో" అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయేడు. ఆ తాగకపోవడం నాకు మనసులో ఉండిపోయింది. సరే, అమలాపురంలో మ్యాట్నీ కెళ్లేను. పడ్డాడు. చేతులు విదిల్చేడు. ఎడంకాలు ఎత్తి దించేడు, అంతే, తెరమీదకి హీరో మొహం వచ్చేసింది. నేను అక్కడే కూర్చుని తర్వాతాట కూడా చూసేను. అదే. ఆపరేటరు సూరిబాబు గదికెళ్లి, "ముక్కేమైనా తెగిందా బాబూ?" అన్నాను. "లేదండి మావయ్య గారూ, కొత్త ప్రింటండి, ఇంకా గీతే పడలేదండి. ఆయ్. అనుమానముంటే రాజోల్లో వేరే ప్రింటు ఆడతంది, చూసుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. "ఇంకా తేలలేదు పిన్నమ్మా, రేపు చెప్తాను" అన్నాను. ఆ మాటే ఎక్కువైపోయింది. పొయ్యిలో నీళ్లు పోసేసి లోపలికెళ్లిపోయింది. మీ అత్తగారు లీలావతి, "రెండూ ఎత్తేడనేయండి, పెద్దావిడ, ఏం పోయింది మీకు" అంది. అనేయొచ్చు. ఆ ఒక్క పూటా నిద్రపోయేది. కానీ నేను అబద్ధం ఆడననే కదండీ పంపింది. పొద్దున్నే రాజోలు బస్సెక్కేను. బస్సులో ఎంత ప్రార్థించేనో, అమలాపురం ప్రింటులోనే ముక్క తెగినట్టు తేలాలని. హాల్లో ఈసారి కాళ్లే కాకుండా మనిషినంతా చూసేను. ఎడంకాలు దించేక వాడి చెయ్యి బండిచక్రాన్ని పట్టుకుంది చూసేరా? మొహం నవ్వుతోంది, చెయ్యి మాత్రం వదల్లేదు. నాకు తెలీకుండానే లేచి నిలబడిపోయేను. వెనకాల ఎవరో, "పెద్దమనిషీ, తమరు కూర్చుంటే మేమూ నవ్వుకుంటాం" అన్నాడు.

వచ్చి చెప్పేను. "ఒకటే ఎత్తేడు పిన్నమ్మా." ఏడవలేదు. ఉతికిన చీర ఒకటీ, కొబ్బరినూనె సీసా ఒకటీ సంచిలో పెట్టుకుని, "పద" అంది. నేను సెలవు చీటీ రాసిచ్చి వెంట బయల్దేరేను. రాజమండ్రిలో మద్రాసు మెయిలెక్కేం. ఆవిడ కిటికీ పక్క కూర్చుని దారంతా ఒకటే అడుగుతుంది. "ఒకటెత్తేడన్నావు. ఎంత పైకెత్తేడు?" "మోకాలి దాకా ఎత్తేడు." మళ్లీ, "దించేటప్పుడు మెల్లిగా దించేడా, గబుక్కునా?" నాకేం తెలుసండి. అయినా గుర్తు తెచ్చుకుని చెప్పేవాణ్ణి. ఒంగోలు దాటేక, "వాళ్ల నాన్న కూడా నవ్వుకుంటూనే వచ్చేడురా" అంది.

మద్రాసులో ఏడుకొండలు మమ్మల్ని చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసేడు. "చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండి" అని తలొంచుకునే దారి చూపించేడు. వడపళనిలో సందులో ఓ గది. పడ్డ రోజునే తుంటి విరిగిందంట. కంపెనీ వాళ్లు ఆసుపత్రిలో దింపి మరి రాలేదు. ఎముక వంకరగా అతుక్కుంది. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు, తల్లిని చూడగానే కర్ర తలుపు వెనక్కి తోసేసేడు. "నువ్వెందుకొచ్చేవే అమ్మా, నాకేమైందని" అంటూ గోడ పట్టుకుని లేచేడు. నవ్వుతూ రెండు చేతులూ విదిల్చేడు. ఎడంకాలు ఎత్తేడు. దించేడు. ఆవిడ చూస్తూ నిలబడింది. కుడికాలు లేవట్లేదు. పిక్క సన్నగా అయిపోయి, పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. మొహంలో ఆ నవ్వు అలాగే ఉంచి ఎత్తడానికి చూస్తున్నాడు, చెమటలు కారిపోతున్నాయి. మెట్ల మీద అరవ పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడావిడ వెళ్లి వాడి ముందు నేలమీద కూలబడి, ఆ పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఒళ్లోకి తీసుకుంది. "ఇది నేనెత్తుతాలేరా" అంది. తలెత్తకుండానే, నూనె సీసా మూత తియ్యమని నాకేసి చెయ్యి చాపింది.

...

అక్కర్లేదు, మళ్లీ వెయ్యకండి. టీ చల్లారిపోయింది, సువర్ణా, అల్లుడు గారికి కాస్త వెచ్చబెట్టి తేమ్మా. ఆ దడి అవతల్నించి కారు ఇటేపుకి తీసి పెట్టండి అల్లుడు గారూ. అక్కడ నీడుండదు.